ఆరువందల పన్నెండో చీటీ

ఇరవై తొమ్మిదేళ్లలో ఆరువందల పదకొండు మంది పిల్లలు. వాళ్లలో ఒక్కరిని కూడా వెనక్కి పంపింది లేదు. ఈ రెండు మాటలూ కాజాలమ్మ నోటివెంట విననివాళ్లు ఆ వీధిలో ఎవరూ ఉండేవారు కాదు. బస్సులో ఆమె పక్కన కూర్చున్న పాపానికి పరాయివాళ్లు కూడా వినాల్సి వచ్చేది. దిగాల్సిన చోటు వచ్చి వాళ్లు లేస్తే, "ఉండండి, ఇంకొక్క మాట" అని చేయి పట్టుకుని ఆపేది.

చెప్పుకుంటే చెప్పుకుంది గాని అందులో అబద్ధం లేదు. పగలంతా ఆమె యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కాజాల మిషను ముందు కూర్చునేది. రోజుకు పద్నాలుగు వందల కాజాలు, ఒక్కదానికీ పోగు లేచేది కాదు. ఆ పేరు అక్కడ వచ్చిందే. ఆదివారం పూజ అయ్యాక గుడి వెనకగదిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది. అందరూ ఏడు నుంచి తొమ్మిదేళ్లవాళ్లు, మొదటిసారి దివ్యసత్ప్రసాదం అందుకోబోయేవాళ్లు. పది ఆజ్ఞలు, ఏడు సంస్కారాలు, ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, పక్కింటివాళ్ల పాపాలు ఎందుకు చెప్పకూడదు, సత్ప్రసాదపు అప్పం నాలుక మీద పెట్టాక నోరు తెరిచి పక్కవాడికి ఎందుకు చూపించకూడదు, ఇవన్నీ ఆమె చెప్పాల్సినవే.

"కాజా ఎక్కువ కోస్తే గుండీ నిలవదు, తక్కువ కోస్తే దూరదు. పిల్లలకి చెప్పే దేవుడి మాట కూడా అంతే" అనేది. చదివింది ఐదో తరగతే అయినా, ఆ మాట విని బిషప్‌గారే ఒకసారి జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారట. ఇది కూడా బస్సులో చెప్పేదే.

ఆమె చేతి కింద చదివినవాళ్లలో ఇద్దరు ఫాదర్లయ్యారు, ఒకామె సిస్టరై మఠంలో చేరింది, ఒకడు దొంగయ్యాడు. "వాడికి కూడా దొంగతనం చేయకూడదన్న ఏడో ఆజ్ఞ ఒక్క తప్పు లేకుండా వచ్చు, కావాలంటే అడగండి" అని వాడి విషయంలోనూ గర్వపడేది. జపాలు నోటికి రాని పిల్లల్ని గురువారం సాయంత్రాలు తన వంటింట్లో కూర్చోబెట్టుకునేది. వచ్చేదాకా వదిలేది కాదు. ఆఖరి శనివారం పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ సంతకం చేసిన చీటీ ఇచ్చేది. ఆ చీటీ ఫాదర్ చేతిలో పెడితేనే పిల్లకు పాపసంకీర్తనం, మర్నాడు సత్ప్రసాదం. చీటీ లేకపోతే ఏదీ లేదు. ఆ గుడిలో ఎన్నో ఏళ్లుగా వస్తున్న పద్ధతి అది.

ఎవరినీ ఆపనని ఆమె పట్టు పట్టడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం మాత్రం బస్సులో ఎవరికీ చెప్పేది కాదు.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఉపదేశం చెప్పినాయన గుడి పక్క బడిలో హెడ్మాస్టరు. బెత్తం లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు కాబట్టి బెత్తం మాస్టారు అనేవాళ్లు. "అక్షరం పోతే ఆత్మ పోయినట్టే" అన్నది ఆయన సిద్ధాంతం. ఆ ఏడు శనివారం పరీక్షకు పిల్లలంతా తెల్లబట్టలు వేసుకునే రావాలన్నాడు. ఆమె తల్లి ఆసుపత్రిలో నేలలు తుడిచేది. అక్కడ పక్కన పడేసిన దుప్పటి ఒకటి అడిగి తెచ్చి, మూడుసార్లు ఉతికి, రెండు రోజులు కూర్చుని గౌను కుట్టింది. దుప్పటి అంచున నీలం చార ఉంటే, దాన్ని లోపలికి మడిచి కుట్టేసింది.

చేసిన తప్పులకు దేవుణ్ణి క్షమించమని అడిగే మనస్తాప జపం చెబుతూ పిల్ల మధ్యలో ఒక మాట దగ్గర ఆగింది. ఒకే ఒక్క మాట. మాస్టారు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. కూర్చున్న చోటినుంచే బెత్తం చివరతో గౌను అంచు ఎత్తాడు. నీలం చార బయటపడింది.

"దుప్పటి కప్పుకుని వస్తే దేవుడు లోపలికి రాడే! ఆఖరి బెంచీలో కూర్చో పో. వచ్చే ఏడు చూద్దాం."

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు కూడా నవ్వారు. ఆమె తల్లి మాత్రం నవ్వలేదు, ఏడవలేదు, తల వంచుకుని ఆ అంచు మళ్లీ లోపలికి మడిచింది. మరుసటి ఏడు ఒక బుధవారం పొద్దున, ఇద్దరు ముసలమ్మలు తప్ప ఎవరూ లేని పూజలో, పొట్టి అయిపోయిన అదే గౌనులో ఆమె మొదటి సత్ప్రసాదం అందుకుంది. కొవ్వొత్తి లేదు, పాట లేదు.

పాము పగ పన్నెండేళ్లంటారు. కాజాలమ్మది యాభై రెండేళ్లు.

పేరు రాసుకున్న రోజే పిల్లను లెక్కలో వేసుకోవడం ఆమె అలవాటు. ఆ ఏడు పేర్లు రాసుకునే రోజున, పదకొండో పేరుతో లెక్క ఆరువందల పదకొండుకు చేరాక, ఒకావిడ చురుగ్గా ఒక పిల్లను లాక్కొచ్చింది. పిల్లకు ఎనిమిదేళ్లుంటాయి. ఒక్కచోట నిలబడదు. కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగి, బల్ల కిందికి దూరి అవతలి వైపు తేలింది.

"దీన్ని ఇంట్లో బొంగరం అంటాం టీచర్. మా మామయ్యగారికి ఇది ఒక్కతే మనవరాలు. దీని సత్ప్రసాదం చూసి పోతానని ప్రాణం పట్టుకుని కూర్చున్నారు. ఎనభై ఆరేళ్లు. ఆయన మీకు తెలిసే ఉంటారు, ఇదే గదిలో ఉపదేశం చెప్పేవారు. అందరూ బెత్తం మాస్టారనేవాళ్లట."

కాజాలమ్మ చేతిలో పెన్ను ఆగింది. తరువాత పిల్ల పేరు చాలా నెమ్మదిగా, చాలా అందంగా రాసింది.

"తెలియకేమమ్మా, బాగా తెలుసు" అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు కూరలు తరుగుతోంది. భర్తలు పోయాక అక్కచెల్లెళ్లిద్దరూ ఆ రెండు గదుల్లోనే ఉంటున్నారు. కాజాలమ్మ చెప్పులు విప్పకుండానే చెప్పేసింది.

"దొరికాడే!"

"ఎవరు, దొంగా?"

"వాణ్ణి తలదన్నేవాడు. బెత్తం మాస్టారి మనవరాలు నా క్లాసులో చేరింది."

చెల్లెలు కత్తి పక్కన పెట్టింది. "అక్కా, నువ్వింకా అదే నములుతున్నావా? అరిగిపోలేదా అది?"

"అరగలేదు. పళ్లే అరిగాయి."

"ఏం చేస్తావు ఇప్పుడు?"

"ఏమీ చేయను. అందరికీ నేర్పినట్టు దానికి నేర్పను, అంతే. శనివారం పరీక్షలో అడుగుతాను. రాదు. ఆయన ముందే ఆపుతాను. మా అమ్మ తల వంచుకున్నట్టు ఆయన కూడా వంచుకోవాలి."

"మరి నీ ఆరువందల పదకొండు? ఎవర్నీ ఆపలేదని ఊదరగొడతావుగా! బస్సులో ఇంకేం చెబుతావు?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. కాజాలమ్మ అప్పుడు చెప్పులు విప్పింది. "ఆరువందల పన్నెండులో ఒకటి పోతే పోనీ" అంది చివరికి. కానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అన్నట్టే చేసింది. గుడి వెనకగదికి ఒకే కిటికీ. దాని అవతల టైర్ల కొట్టు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తి మోతే. బొంగరాన్ని ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టింది. అందరికీ మూడుసార్లు చెప్పించిన జపం ఆ పిల్లతో ఒక్కసారి చెప్పించి "ఊఁ, కూర్చో" అనేది. గురువారం వంటింటికి ఎవరెవరు రావాలో పేర్లు చదివేటప్పుడు బొంగరం పేరు చదివేది కాదు.

అయినా బొంగరం వచ్చింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు కూడా కాదు, తన ఇంటికే వచ్చినట్టు వచ్చింది.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు టీచర్. ఇంట్లో తాతయ్య చెప్పిస్తాడు. ఆయన ముందు నోరు ఎండిపోతుంది. ఇక్కడ ఎండదు."

వెళ్లగొడదామంటే మిగతా పిల్లలు చూస్తున్నారు. కాజాలమ్మ కార్ఖానా నుంచి తెచ్చిన గుండీల డబ్బా తీసి పిల్ల ముందు కుమ్మరించింది. "నాలుగు కన్నాలవి ఒక పక్క, రెండు కన్నాలవి ఒక పక్క. నోరు తెరవకుండా వేరు చెయ్యి" అంది. చేతులకు పని పెడితే చెవులు మూసుకుంటాయనుకుంది. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మనిషి చేయాల్సిన పొరపాటు కాదది. ఆ పిల్లకు కదలకుండా కూర్చుంటేనే ఏదీ ఎక్కేది కాదు. చేతులు ఆడుతుంటే చెవులు రెండూ తలుపుల్లా బార్లా తెరుచుకునేవి.

ఒక గురువారం పాపసంకీర్తనం గురించి చెబుతోంది. "పాపం ఏంటో చెబితే చాలదు. ఎన్నిసార్లు చేశారో కూడా చెప్పాలి. అబద్ధాలు నాలుగు, తమ్ముణ్ణి కొట్టడం రెండు, అలా."

గుండీల గుట్ట వెనక నుంచి గొంతు వచ్చింది. "టీచర్, కోపం ఒక్కటే, కానీ రోజూ ఉంది. అది ఒకసారి కిందికి వస్తుందా, రోజుకొకసారి కిందికి వస్తుందా?"

పిల్లలంతా నవ్వారు. కాజాలమ్మ నవ్వలేదు. ఆమెకు లెక్కలు బాగా వచ్చు. యాభై రెండేళ్లు, ఏడాదికి మూడువందల అరవై ఐదు. లీపు సంవత్సరాలు వదిలేసినా పద్దెనిమిది వేల తొమ్మిదివందల ఎనభై.

"గుండీలు చూడు" అంది. "నిన్ను నోరు తెరవద్దన్నానా లేదా?"

చెల్లెలు పొయ్యి దగ్గర నుంచి దగ్గింది. అది నిజం దగ్గు కాదు.

పరీక్షకు రెండు వారాల ముందు బెత్తం మాస్టారు స్వయంగా క్లాసుకు వచ్చాడు. కోడలు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. మనిషి చిక్కిపోయాడు, మెడ వంగింది గాని చూపు వంగలేదు. చేతిలో బెత్తం పోయి కర్ర వచ్చింది, పట్టుకునే తీరు మాత్రం పాతదే. గది చుట్టూ చూశాడు.

"ముప్పై ఏళ్లు చెప్పాను ఈ గదిలో. తొమ్మిదివందల మంది. అందులో నూట ఆరుగురిని ఆపాను" అన్నాడు, పతకాలు చూపించినట్టు.

"నేను ఇరవై తొమ్మిదేళ్లు. ఆరువందల పదకొండు. ఎవరినీ ఆపలేదు" అంది కాజాలమ్మ.

"అందుకే ఇప్పటి పిల్లలు ఇలా ఉన్నారు."

ఆమె దగ్గరకు వెళ్లి, ఆయన మొహానికి ఎదురుగా వంగింది. ఈ క్షణం కోసం ఎన్నో మాటలు దాచుకుంది. "నన్ను గుర్తుపట్టారా మాస్టారూ?"

ఆయన కళ్లు చిట్లించాడు. "పాలు పోసేవాళ్ల అమ్మాయివా?"

"కాదు."

"మరి ఆ రొట్టెల కొట్టు వాళ్ల..."

"కాదు మాస్టారూ. మీరు ఆపిన నూట ఆరుగురిలో ఒకదాన్ని."

ఆయన మొహంలో సిగ్గు వస్తుందని చూసింది. వచ్చింది సంతోషం. "చూశావా మరి! ఆపబట్టే టీచరువయ్యావు. ఆపకపోతే ఎక్కడుండేదానివి?" అని, కోడలి వైపు తిరిగి, "ఈమె నా చేతి కింద తయారైన మనిషేనమ్మా" అన్నాడు.

కాజాలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆమె తల్లి దుప్పటి, ఆమె ఇరవై తొమ్మిదేళ్లు, ఆరువందల పదకొండు మంది, అన్నీ కలిపి ముసలాయన ఒక్క మాటతో తన జేబులో వేసుకున్నాడు. అంతవరకూ ఆపుదామా వద్దా అని మనసులో ఏ మూలైనా ఊగిసలాట ఉంటే అది ఆ పూటతో పోయింది. మర్నాడు కార్ఖానాలో, మిషను టకటకలాడుతుంటే, శనివారం అనబోయే మాట కూడబలుక్కుంది. "ఈ పిల్లకి రాలేదు మాస్టారూ. వచ్చే ఏడు చూద్దాం." పద్నాలుగు వందల కాజాలకూ అదే మాట. వచ్చే ఏడాదికి ఆయన ఉంటాడో ఉండడో. ఆమెకు కావాల్సింది అదే.

శనివారం వచ్చింది. పరీక్ష గుడిలో బలిపీఠం ముందు మెట్ల దగ్గర. బల్ల మీద చీటీల పుస్తకం, పెన్ను. తల్లిదండ్రులు బెంచీల్లో కూర్చున్నారు. బెత్తం మాస్టారు అందరికంటే ముందు, పక్కదారిలో కుర్చీ పెట్టించుకున్నాడు. పదకొండు మంది పిల్లలు ఒకరి తరువాత ఒకరు వచ్చి, అడిగింది చెప్పి, చీటీ తీసుకుని వెళ్లారు. కాజాలమ్మ కావాలనే బొంగరాన్ని చివరికి ఉంచింది. కావాలనే అన్నింటిలోకి పెద్ద జపం అడిగింది.

"మనస్తాప జపం చెప్పు."

బొంగరం చేతులు జోడించింది. మొదటి రెండు వరుసలు పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. అప్పుడు ముందు బెంచీ పక్కన కర్ర కదిలిన చప్పుడయింది. పిల్ల తాత వైపు చూసింది. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. నాలుకతో పెదవి తడుపుకుంది.

కాజాలమ్మ నాలుక చివర మాట సిద్ధంగా ఉంది.

బొంగరం తాత వైపు నుంచి చూపు తిప్పేసుకుంది. జోడించిన చేతులు విడదీసి, వేళ్లతో ఏవో కనబడని గుండీలు ఏరుతున్నట్టు ఆడిస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"దేవుడా, నేను తప్పు చేశాను. నరకానికి భయపడి చెప్పట్లేదు, కొంచెం భయముంది అనుకో. నువ్వు మంచివాడివి, నీకు బాధేసుంటుంది కదా, అందుకు చెబుతున్నా. మళ్లీ చేయను. అంటే, చేస్తానేమో, నా సంగతి నాకు తెలుసు. కానీ చేయకూడదనే అనుకుంటున్నా, నిజంగా. నువ్వు సాయం చేస్తే చేయను. ఆమేన్."

ఆ జపంలో ఏమేం ఉండాలో అన్నీ ఉన్నాయి. దుఃఖం ఉంది, కారణం ఉంది, ప్రతిజ్ఞ ఉంది, సాయం అడగడం ఉంది. వరుస కూడా తప్పలేదు. మాటలే వేరు. కాజాలమ్మ ఏ గురువారం ఏ పిల్లకు ఏం విడమరిచి చెప్పిందో అంతా గుండీల గుట్ట వెనక చేరిపోయింది.

అయినా పగ పగే. ఆమె నోరు తెరిచింది.

ఆమె కంటే ముందు కర్ర నేల మీద పడింది, టక్కున.

"ఆపు! ఆ పిల్లని ఆపు!"

అందరూ తిరిగి చూశారు. బెత్తం మాస్టారు కుర్చీలోంచి లేవబోయి లేవలేక, చేతుల మీద బరువు మోపి ముందుకు వంగాడు. మెడ కూడా నిటారుగా వచ్చింది. "అక్షరం పోతే ఆత్మ పోయినట్టే. నా మనవరాలైతే ఏం? నియమం నియమమే. నూట ఆరుగురిని ఆపినవాణ్ణి, నూట ఏడో దాన్ని ఆపలేనా? అమ్మాయ్, చూస్తావేంటి? నా చేతి కింద తయారైన దానివి. ఆపు!"

"మామయ్యగారూ, మీరే కదా చూసి పోతానని..." అంటూ కోడలు కుర్చీ పట్టుకుంది.

"చూడకుండానే పోతాను. తప్పుడు జపంతో మాత్రం ఒప్పుకోను."

తల వంచుకుంటాడనుకున్న మనిషి తల ఎత్తుకుని కూర్చున్నాడు. కాజాలమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్ని నెలలు తను కత్తి నూరింది, పిడి మాత్రం ఆయన చేతిలో ఉంది. ఇప్పుడు ఆపితే అది ఆయన గెలుపు. ఆయన చెప్పినట్టు చేసిన శిష్యురాలు అవుతుంది, అంతే. ఊరంతా "మాస్టారి క్రమశిక్షణ అంటే అది, సొంత మనవరాలినే వదల్లేదు" అని రేపటినుంచి పొగుడుతుంది.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్ను మూత తీసింది.

"ఏం రాస్తున్నావు?" అన్నాడు మాస్టారు.

"చీటీ."

"ఆ జపం పుస్తకంలో లేదు!"

"పుస్తకంలో ఉన్నది దేవుడికి ఎప్పుడో వచ్చేసింది మాస్టారూ. ఇది ఇవాళే విన్నాడు."

"ఎవరమ్మా ఇక్కడ టీచరు?"

"కుర్చీలో ఉన్నది మీరు. బల్ల దగ్గర ఉన్నది నేను. చీటీ బల్ల దగ్గరే రాస్తారు." ఒక్కొక్క అక్షరం గుడి చివరి బెంచీకి కూడా వినబడేట్టు అంది. సంతకం చేసింది, చీటీ చింపింది. ఆ చింపిన చప్పుడు ఆమెకు ఎంత కమ్మగా ఉందంటే, ఇంకో నాలుగు చింపాలనిపించింది. "తీసుకోవే బొంగరం. పాసయ్యావు. మీ తాతయ్యకి ఒకసారి చూపించి, ఫాదర్‌కి ఇవ్వు."

ఇది దయ అనుకున్నవాళ్లకు కాజాలమ్మ సంగతి తెలియదు. ఆ చీటీ చూసినప్పుడు మాస్టారి మొహం కందగడ్డలా అయింది. ఆమె కళ్లార్పకుండా చూసింది. ఆయన బతుకంతా కట్టిన గోడలోంచి, ఆయన కళ్ల ముందే, ఆయన మనవరాలి చేతనే ఒక ఇటుక పీకించింది. ఆయన కర్ర ఎత్తి, "పోనివ్వు, ఇంటికి తొయ్యి" అన్నాడు కోడలితో. వెళ్తూ వెళ్తూ, "రేపు నేను రాను" అన్నాడు.

"మీ ఇష్టం మాస్టారూ" అంది కాజాలమ్మ, తీయగా.

మధ్యాహ్నం పిల్లలంతా పాపసంకీర్తనం చేశాక ఆమె కూడా వెళ్లి మోకరించింది. ఏటా తన పిల్లలతో పాటు చేయడం ఆమెకు అలవాటు. చెక్క జాలీ వెనక కొత్త ఫాదర్ ఉన్నాడు. కుర్రాడు, ఆమె కొడుకు వయసు కూడా ఉండదు. ఆమె దాచకుండా చెప్పింది. యాభై రెండేళ్లు, పద్దెనిమిది వేల తొమ్మిదివందల ఎనభై సార్లు.

ఫాదర్ జాలీకి దగ్గరగా జరిగాడు. "పశ్చాత్తాపం ఉందా అమ్మా?"

"అదే ఫాదర్ వచ్చిన చిక్కు. పొద్దున జరిగింది తలుచుకుంటే నోరూరుతోంది."

"కనీసం పశ్చాత్తాపం రావాలని కోరికైనా ఉందా?"

ఆమె నిజాయితీగా వెతుక్కుంది. "ఆ కోరిక వస్తే బాగుండునన్న కోరిక కొంచెం ఉంది."

ఫాదర్ నవ్వాపుకున్నాడో, నిట్టూర్చాడో జాలీలోంచి తెలియలేదు. "దాంతోనే మొదలుపెడదాం. ప్రాయశ్చిత్తం ఏంటంటే, రేపు పూజలో ఆయన పక్కనే కూర్చోండి. పూజ మొత్తం."

ఆదివారం ఏడున్నరకు గుడి నిండిపోయింది. పన్నెండు మంది పిల్లలు తెల్లబట్టల్లో, చేతుల్లో కొవ్వొత్తులతో వరుస కట్టారు. బొంగరం వరుసలోంచి రెండుసార్లు బయటికి వచ్చి ముందు బెంచీ పక్కకు చూసింది. అక్కడ కుర్చీ లేదు.

"తాతయ్య నిజంగానే రాలేదు టీచర్" అంది. ఆ మాటలో ఏడుపు లేదు. అలవాటైపోయినట్టు అంది. అదే కాజాలమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. కానీ ఆమెను కదిలించింది అదొక్కటే కాదు. రాకపోతే ముసలాయన తప్పించుకున్నట్టే కదా! ఇంట్లో కూర్చుని, తన నియమం తను కాపాడుకున్నట్టే. పైగా ఆమె ప్రాయశ్చిత్తం ఎవరి పక్కన కూర్చుని తీర్చుకోవాలి?

పిల్లల్ని తల్లులకు అప్పగించి, రెండు వీధులు దాదాపు పరుగెత్తింది. అరవై ఒకటో ఏట ఆ పరుగు కూడా తరువాత బస్సులో చెప్పుకోదగ్గదే. మాస్టారింటి తలుపు తోసేసరికి ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. వెళ్లనివాడికి ఆ చొక్కా ఎందుకో ఆమె అడగలేదు.

"రానని చెప్పాను" అన్నాడు.

"విన్నాను. పదండి."

"నీకు సిగ్గు లేదూ? నియమం తుంగలో తొక్కి, నన్ను చూడమంటావా?"

"చూడమనే అంటున్నాను. కళ్లు తెరిచి మరీ చూడాలి. పక్కన కూర్చుని చూపిస్తాను." కుర్చీ వెనక చేతులు వేసింది. "రాకపోతే నేనేం చెబుతానో తెలుసా? బస్సెక్కిన ప్రతివాడికీ, మాస్టారు ఓడిపోయి మొహం చెల్లక ఇంట్లో దాక్కున్నాడని చెబుతాను. నేను బస్సులో ఎంత మాట్లాడతానో మీ కోడల్ని అడగండి."

ఆయన కర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. "తొయ్యి" అన్నాడు.

పూజ మొత్తం ఆయన పక్కనే కూర్చుంది. బొంగరం పీఠం ముందు మోకరించినప్పుడు ఆయన మెడ నిక్కించాడు. అప్పం నాలుక మీద పెట్టిన ఆ క్షణంలో ఆయన గొంతు కింద చర్మం వణికింది, ఒకసారి. ఆమె పక్కకు తిరిగి, ఏ మాత్రం మొహమాటం లేకుండా ఆ వణుకు చూసింది. అది ఏడుపో, కోపమో తేల్చుకోవాలని చాలా ప్రయత్నించింది. తేలలేదు.

పూజ అయ్యాక తలుపు దగ్గర బొంగరం పరుగెత్తుకొచ్చి కుర్చీ చుట్టూ తిరిగింది. "చూశావా తాతయ్యా?"

"చూశాను."

"బాగా చేశానా?"

"ఆమేన్ గట్టిగా అనాలి. మొదటి వరుసకే వినబడలేదు." పిల్ల నెత్తి మీద చేయి వేశాడు. వేసిన చేయి తీయలేదు. కాసేపటికి కాజాలమ్మ వైపు తిరిగాడు. "నా రోజుల్లో అయితే..."

"మీ రోజులు అయిపోయాయి మాస్టారూ. కాళ్లు పైకి పెట్టుకోండి, మెట్టుంది."

ఆ మెట్టు మీదనుంచి కుర్చీని ఇంకా నెమ్మదిగా దించవచ్చు. ఆమె అలా దించలేదు.